నూట నలభై మూడు సంతకాల ముఠా నాయకుడు

గొట్టివాడ మండలంలో తొమ్మిదేళ్లలో నూట నలభై మూడుసార్లు గంజాయి పట్టుబడింది. ఆ నూట నలభై మూడుసార్లూ దగ్గరుండి కళ్లారా చూశానని సంతకం పెట్టిన మనిషి ఒక్కడే. పేరు కర్రి దాలినాయుడు, ఉద్యోగం గ్రామ రెవెన్యూ అధికారి, రిటైరు కావడానికి ఇంకా ఏడు నెలలుంది. ఆయన తన జన్మలో గంజాయి ఆకు చూసి ఎరగడు.

ఇందులో వింతేమీ లేదు. పోలీసులు సరుకు పట్టుకున్నప్పుడు ఇద్దరు పెద్దమనుషులు మధ్యవర్తులుగా పక్కన నిలబడి చూడాలనీ, చూశామని పంచనామా మీద సంతకం చెయ్యాలనీ చట్టం చెబుతుంది. చట్టం రాసినవాళ్లు పోలీసు జీపు కనబడగానే ఊళ్లో పెద్దమనుషులు పరుగెత్తుతారని సరిగ్గానే ఊహించారు గాని, ఎటువైపు పరుగెత్తుతారో ఊహించలేకపోయారు. అందుకని స్టేషను నుంచి తహసీల్దారుకు ఒక ఉత్తరం, తహసీల్దారు నుంచి దాలినాయుడికి ఒక ఫోను. సరుకు దొరికేది కొండమీద. దాలినాయుడికి మోకాళ్లు అరిగి ఆరేళ్లయింది. ఆయన కొండ ఎక్కలేడు గనక కాగితమే కొండ దిగి వచ్చేది. రేషను డిపో దగ్గర, పెళ్లి పందిట్లో, ఒకసారి గడ్డానికి సబ్బు రాసుకుని మంగలి కుర్చీలో కూర్చుని ఉండగా, ఎక్కడ కనబడితే అక్కడ కానిస్టేబులు కాగితం చాపేవాడు, ఆయన గిలికేవాడు. రెండో సంతకం తలారిది. తలారులు మారుతూ వచ్చారు, దాలినాయుడు మారలేదు. కాగితంలో ఏం రాసి ఉందో ఆయన ఎప్పుడూ చదవలేదు. చదివితే పోలీసులను అనుమానించినట్టు ఉంటుందని ఆయన మర్యాద.

ఇలా హాయిగా నడిచిపోతూ ఉండగా జిల్లాకు కొత్త అదనపు ఎస్పీ వచ్చాడు. ఆయన పేరు ధనుంజయ వర్మ. ఏదో మహానగరంలో ఆరు రోజుల శిక్షణ పొంది, ఏడో రోజున ఒక కంప్యూటరూ ఒక సిద్ధాంతమూ వెంటబెట్టుకుని దిగాడు. దిగిన వారంలోనే కొబ్బరికాయ కొట్టి 'మాదకద్రవ్య నేర సంబంధాల విశ్లేషణ విభాగం' ప్రారంభించాడు.

"నేరస్తుణ్ణి వెతకడం పాతకాలపు పద్ధతి," అన్నాడు వర్మ, జిల్లాలో ఎస్సైలందరినీ కూర్చోబెట్టి. "ఇకమీదట మనం నేరస్తుల మధ్య ఉన్న సంబంధాన్ని వెతుకుతాం. మనిషి ఒక చుక్క. పరిచయం ఒక గీత. గీతలు ఎక్కడ ఎక్కువగా కలుస్తాయో అక్కడ సూత్రధారి కూర్చుని ఉంటాడు. ఇందులో వ్యక్తిగత అభిప్రాయాలకు తావు లేదు. యంత్రానికి బంధువులుండరు."

"చుక్కల ముగ్గులాగుందండి," అంది వెనక నుంచి ఒక మహిళా కానిస్టేబులు. వర్మ ఆమెను వెంటనే ట్రాఫిక్‌కు మార్చాడు.

గొట్టివాడ ఎస్సై కిల్లి భానోజీకి ఒక చిన్న సందేహం వచ్చింది. "సార్, ఫైళ్లలో ఉన్న పేర్లన్నీ ఎక్కించీయాలా? అందులో రకరకాలవాళ్లుంటారు కదండి. ముద్దాయిలుంటారు, మరి..."

"ఎవరిని ఎక్కించాలో మీరు ఎంచితే అది మీ అభిప్రాయం అవుతుంది. ఫైల్లో ఉన్న ప్రతి పేరూ ఎక్కాలి."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం పైఅధికారి దొరికినప్పుడు, ఎద్దు ఈనదని చెప్పే ఎస్సై ఉండడు. భానోజీ సెల్యూట్ కొట్టి వచ్చేశాడు. రహస్యం బయటికి పొక్కకుండా పేర్లన్నీ నంబర్లుగా మార్చి ఎక్కించారు. ఏ నంబరు ఎవరిదో యంత్రానికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

నెల్లాళ్ల తర్వాత యంత్రం పటం గీసింది. ముద్దాయిలందరూ కొండమీది కూలీలే. రోజుకూలికి మూట మోసి ఒక్కసారి దొరికినవాళ్లు, ఒకరి మొహం ఒకరెరగరు. వాళ్ల చుక్కలు పటం అంచుల్లో ఆవగింజల్లా ఉన్నాయి. వాటన్నిటి నుంచీ బయల్దేరిన గీతలు నడిమధ్యన ఒకే ఎర్ర చుక్కలో కలిశాయి. ఆ చుక్క విస్తరాకంత ఉంది. యంత్రం దానికి 'జీ-ఒకటి' అని పేరు పెట్టింది.

వర్మ కళ్లు చెమర్చాయి. "తొమ్మిదేళ్లుగా ఒక్క ముఠా కూడా ఈ మనిషి లేకుండా కదల్లేదు. ఒక్కసారైనా పట్టుబడలేదు. ఎంతటి మేధావి అయి ఉండాలి." మర్నాడు పత్రికల్లో 'గంజాయి తిమింగలం గుర్తింపు' అని వచ్చింది. ఇరవై ఆరో తేదీన రాజధానిలో జరిగే సదస్సులో ఆ పటాన్ని తెరమీద చూపించడానికి వర్మకు ఆహ్వానం కూడా వచ్చింది.

ఇక తిమింగలాన్ని పట్టడమే మిగిలింది. జీ-ఒకటి చిరునామాను యంత్రం సీలు వేసిన కవర్లో ఇచ్చింది. జీపు కదిలాకనే దాన్ని తెరవాలని వర్మ నియమం పెట్టాడు. చట్టప్రకారం చూడ్డానికి పెద్దమనుషులు కావాలి గనక పొద్దున్న ఆరింటికి భానోజీ దాలినాయుడికి ఫోను చేశాడు.

"నాయుడుగారూ, బేగి రండి. పెద్ద రైడు."

"కాగితం ఇంటికి పంపించీండి బాబూ, పెట్టీస్తాను."

"ఈసారలా కుదర్దండి. ఎడిషనల్ ఎస్పీగారే వస్తన్నారు. మీరు కనబడాలి."

దాలినాయుడు మోకాళ్లకు తైలం రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టేషనుకు వెళ్లాడు. తొమ్మిదేళ్లలో ఆయన నిజంగా ఒక దాడికి వెళ్లడం అదే మొదలు. చిన్నపిల్లవాడు తీర్థానికి వెళ్తున్నట్టు ఉత్సాహంగా ఉంది ఆయనకు. జీపు కదిలింది. వర్మ కవరు చింపి చిరునామాను ఫోనులో కొట్టాడు. ఫోనులోంచి ఒక ఆడగొంతు కుడికి తిరగమంది, ఎడమకు తిరగమంది, చివరకు రైసుమిల్లు చుట్టూ రెండుసార్లు తిప్పింది.

"అటుకాదండి," అన్నాడు దాలినాయుడు, ఫోను తమ వీధి పేరు చెప్పడం విని సాయపడదామని. "మిల్లు పక్కన సందుంది. అలా వెళ్తే బేగి వెళ్లిపోవచ్చు."

వర్మ మెచ్చుకోలుగా తల ఊపాడు. జీపు సందు దాటి, పెంకుటింటి ముందు ఆగింది. పోలీసులు దూకి ఇంటిని చుట్టుముట్టారు. ఇంట్లోంచి దాలినాయుడి భార్య సన్యాసమ్మ చేతికంటిన పిండి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏటండీ, గొడుగు మర్చిపోనారేటి?" అంది మొగుణ్ణి చూసి. తర్వాత మిగతావాళ్లను చూసింది. "ఇంతమందొస్తారని ముందే చెప్తే రుబ్బు ఎక్కువేసుందును కదా."

దాలినాయుడు జీపులోనే కూర్చుండిపోయాడు. భానోజీ కవర్లోని కాగితాన్నీ దాలినాయుణ్ణీ మార్చి మార్చి చూశాడు. విషయం అప్పుడే బుర్రకెక్కింది గాని, నోటిదాకా రాలేదు. వర్మ మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, దాలినాయుడికి నమస్కారం పెట్టినంత పని చేశాడు.

"తనను పట్టుకోడానికి తనే దారి చూపించాడు. ఇలాంటి మేధావిని నా సర్వీసులో చూడలేదు."

ఇల్లంతా గాలించారు. చింతపండు కుండ, తైలం సీసా, పదకొండు పెన్నులు, ఒక స్టాంపు ప్యాడు దొరికాయి. గంజాయి దొరకలేదు. "దొరకదు. దొరికితే ఇతను జీ-ఒకటి ఎలా అవుతాడు," అన్నాడు వర్మ.

ఇప్పుడు సోదా జరిగినట్టు పంచనామా రాయాలి, దానిమీద మధ్యవర్తి సంతకం కావాలి. ఉన్న మధ్యవర్తి ముద్దాయి అయిపోయాడు. తలారిని పిలుద్దామంటే అతనికీ జీ-ఒకటికీ గీత ఉందని యంత్రం చెప్పింది. తహసీల్దారుకూ గీత ఉంది. కులం సర్టిఫికెట్టో ఆదాయం సర్టిఫికెట్టో దాలినాయుడి సంతకంతో తీసుకోనివాడు మండలంలో లేడు గనక మండలం మొత్తానికి గీత ఉంది. యంత్రాన్ని గంటసేపు వెతికిస్తే ఏ గీతా లేని మనిషి ఒక్కడు తేలాడు. ఏ కేసులోనూ, ఏ ఫిర్యాదులోనూ, ఏ కాగితంలోనూ అతని పేరు లేదు. అతను లారీల యజమాని పరదేశిబాబు.

ఆ పేరు వినగానే పోలీసులందరూ తమ తమ బూట్లు చూసుకున్నారు. పరదేశిబాబు లారీల్లో పనసకాయల కింద ఏం కొండ దిగుతుందో గొట్టివాడలో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. ఏ కాగితంలోనూ ఆ పేరు ఎందుకు లేదో కూడా తెలుసు. యంత్రానికి మాత్రం కాగితాల్లో ఉన్నదే తెలుసు.

పరదేశిబాబు మల్లెపువ్వులాంటి బట్టలతో వచ్చి, పంచనామాను మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చదివి, సంతకం పెట్టాడు. పోతూ పోతూ దాలినాయుడి భుజం తట్టాడు. "వయసొచ్చింది. ఇప్పుడీ పాడు పనులెందుకు నాయుడూ," అన్నాడు జాలిగా.

దాలినాయుణ్ణి విశ్లేషణ విభాగానికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. అరెస్టు కాగితం తయారవుతోంది. అది పూర్తయిన క్షణం నుంచి సస్పెన్షను, ఆపైన జైలు, పింఛను గాలికి. ముప్పై నాలుగేళ్లు సర్కారు కొలువు చేసి గంజాయి దొంగగా ఇంటికెళ్లాలి.

"జూన్ పద్నాలుగు," అన్నాడు వర్మ. "ఉదయం ఆరూ పదికి మీరు చింతలబండలో ఉన్నారు. ఆరూ పాతికకి ఉప్పరగూడలో ఉన్నారు. మధ్యన ముప్పై ఎనిమిది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఎలా వెళ్లారు?"

దాలినాయుడు భానోజీని చూశాడు. భానోజీ ఫ్యానును చూశాడు. వెళ్లానంటే జీ-ఒకటి. వెళ్లలేదంటే నూట నలభై మూడు అబద్ధపు సంతకాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దాలినాయుడికి గోతిలో పడ్డా చేసిన తప్పుకే పడదామనిపించింది.

"బాబూ, తెల్లకాగితం ఒకటి ఇప్పించండి," అన్నాడు.

అలా తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన ముందు రాత రాసి తర్వాత సంతకం పెట్టాడు. 'నేను ఏ కొండకూ పోలేదు. ఏ మూటా చూడలేదు. గంజాయికీ గోంగూరకీ తేడా నాకు తెలియదు. కాగితం ఇచ్చేరు, సంతకం పెట్టేను. తప్పే.'

భానోజీ ఆ కాగితం చదివి వర్మ చెవి దగ్గరకు వంగాడు. "సార్, ఇది కోర్టుకెళ్తే నూటనలభైమూడు కేసులూ ఎగిరిపోతాయి సార్."

"అయితే ఇది అబద్ధమని నిరూపిద్దాం."

"నిరూపిస్తే ముఠా నాయకుణ్ణే పక్కన నిలబెట్టుకుని కేసులు కట్టినట్టవుద్ది సార్. అప్పుడూ ఎగిరిపోతాయి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వర్మ కాసేపు గదిలో పచార్లు చేసి, యంత్రంలోంచి దాలినాయుణ్ణి తీసేసి చూడమన్నాడు. తీసేశారు. పటం ఒక్కసారిగా చెదిరిపోయింది. నూట నలభై మూడు ఆవగింజలు దేనికది విడివిడిగా మిగిలాయి. ముఠా లేదు, వల లేదు, సూత్రధారి లేడు. ఒక్కొక్క కూలీ, వాడి పక్కన ఒక మూట. ఆ మూట ఎవరిదో ఏ ఫైల్లోనూ రాసి లేదు గనక అక్కడ గీత లేదు. పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా ఉన్న ఆ పటాన్ని చూసి వర్మ నిలువునా నీరైపోయాడు. సదస్సుకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

మూడు గంటల మేధోమథనం తర్వాత ఉత్తర్వులు వెలువడ్డాయి. ఒకటి, జీ-ఒకటి ఉన్నమాట వాస్తవం. రెండు, జీ-ఒకటి దాలినాయుడు కాడు. మూడు, జీ-ఒకటి ప్రస్తుతం పరారీలో ఉన్న అజ్ఞాత వ్యక్తి. నాలుగు, ఇకమీదట మధ్యవర్తుల పేర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ యంత్రంలోకి ఎక్కించరాదు. పటం ఎప్పటిలా కళకళలాడింది. పెద్ద చుక్క అలాగే ఉంది, దాని పక్కన ఉన్న పేరే పోయింది. దాలినాయుడి తెల్లకాగితాన్ని భానోజీ నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"మిమ్మల్ని వదిలేస్తున్నాం," అన్నాడు వర్మ. "కానీ జీ-ఒకటిని పట్టుకోడానికి ప్రత్యేక బృందం వేస్తున్నాం. అతని జాడలు తొమ్మిదేళ్లుగా మీ జాడలతో కలిసి ఉన్నాయని యంత్రం చెబుతోంది. కాబట్టి రిటైరయ్యేదాకా ప్రతి మంగళవారం మీరు బృందంతో కొండెక్కి, వెతికినట్టు సంతకం పెట్టాలి. ఈసారి స్వయంగా."

పింఛను నిలబడింది. దాలినాయుడు ఇంటికొచ్చి ఉప్మా తిని, మోకాళ్లు నొక్కుకుంటూ పడుకున్నాడు.

అలా మంగళవారం మంగళవారం ఆయన తనను తాను వెతుక్కుంటూ కొండెక్కడం మొదలుపెట్టాడు. పదడుగులకొకసారి కూర్చునేవాడు. పైకెళ్లాక భానోజీ కాగితం చాపేవాడు. 'వెతికితిమి, కానరాలేదు.' సంతకం. రెండో సంతకం పరదేశిబాబుది. ఆయన ఇప్పుడు జిల్లాలోకెల్లా మచ్చలేని మధ్యవర్తి, కాగితం ఆయన ఇంటికే వెళ్లేది.

నాలుగో మంగళవారం చింతలబండ మలుపు దగ్గర దాలినాయుడు బండమీద కూలబడి ఉండగా, కట్టెలమోపు దించి ఒక కొండమనిషి ఎదురుగా నిలబడింది. పేరు పాంగి బుద్రి. ఆమె కొడుకు రెండేళ్లుగా జైల్లో ఉన్నాడు.

"నువ్వేనా కాయితం మీద సంతకం ఎట్టిన నాయుడివి?" అంది.

దాలినాయుడు అవునన్నాడు.

"మావోడు మూట మోసినాడు. కాదన్ను. మూడొందలిత్తామన్నారు, మోసినాడు. ఆ మూటెవుడిదో ఆయేల అందరికీ సెప్పినాడు. నువ్వు పక్కనే ఉన్నావట కదా. ఇనలేదేటి?"

దాలినాయుడు ఆ వేళ తను ఎక్కడున్నాడో గుర్తు తెచ్చుకున్నాడు. అది మంగలి కుర్చీ రోజు. సిగ్గుతో తల వంచుకున్నాడు. మోకాళ్ల నొప్పి ఆయనకు కాసేపు తెలియలేదు.

అంతలో పైనుంచి లారీ దిగింది, పైన పనసకాయలు, వెనక పరదేశిబాబు పేరు. మలుపులో నెమ్మదించినప్పుడు పరదా కిందినుంచి ఒక ఘాటైన వాసన గుప్పుమంది. డ్రైవరు భానోజీకి చెయ్యి ఊపాడు, భానోజీ తిరిగి ఊపాడు.

"ఇదేం వాసన?" అన్నాడు దాలినాయుడు.

"అదే," అంది బుద్రి. "నువ్వు సూసినావని రాసినది అదే."

భానోజీ వచ్చి కాగితం చాపాడు. 'వెతికితిమి, కానరాలేదు.' దాలినాయుడు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఆ రెండు మాటలూ కొట్టేసి కింద రాశాడు. 'ఉదయం పదిన్నరకి పరదేశిబాబు లారీ కొండ దిగుతుంటే చూసేను. పనసకాయల కింద మూటలున్నాయి. గంజాయి వాసన వచ్చింది. లారీ నంబరు ఇది.' నంబరు వేసి సంతకం పెట్టాడు.

"నాయుడుగారూ, ఏటిది?" అన్నాడు భానోజీ.

"ఫైల్లో ఉన్న ప్రతి పేరూ ఎక్కాలన్నారు కదా బాబూ. ఎక్కించండి."

చించేద్దామంటే బృందంలో పదకొండుమంది చూస్తున్నారు, పైగా కొండమనిషి చూస్తోంది. కాగితం విభాగానికి చేరింది, యంత్రంలోకి ఎక్కింది. పటం అంచున కొత్త చుక్క ఒకటి పుట్టింది. వర్మ దాన్ని ఒక్క నిమిషం పరీక్షించి, ఆ వ్యక్తి శాఖకు సేవలందిస్తున్న మధ్యవర్తి అనీ, నాలుగో ఉత్తర్వు ప్రకారం మధ్యవర్తుల పేర్లు యంత్రంలో ఉండరాదనీ తేల్చి, చెరిపించాడు. తొమ్మిదేళ్ల దస్త్రాలన్నిటిలోనూ మధ్యవర్తి నిజంగా చూసి రాసిన సమాచారం ఆ ఒక్కటే.

మూడోరోజు దాలినాయుడికి ఉత్తర్వు వచ్చింది. 'సదరు ఉద్యోగి ఇటీవల చూసినది చూసినట్టు రాయు స్వభావమునకు లోనైనట్టు శాఖ దృష్టికి వచ్చినది. ఇట్టి స్వభావము దర్యాప్తులకు అవరోధము కాగలదు. కావున ఇతనిని తక్షణమే మధ్యవర్తి విధుల నుండి తొలగించడమైనది.' సన్యాసమ్మ ఆ సాయంత్రం బూరెలు వండింది.

శాఖవారు ఒక్క సంగతి మరిచిపోయారు. పంచనామా మీద సంతకం పెట్టినవాడు ఆ కేసులో సాక్షి. కేసులు విచారణకు వచ్చినప్పుడు అతను కోర్టు బోనెక్కి, ఏం చూశాడో చెప్పాలి. ఆ సాక్షిని తొలగించే అధికారం అదనపు ఎస్పీకి లేదు. వచ్చే సోమవారం కోర్టుకు రమ్మని మొదటి సమను వచ్చింది. అది బుద్రి కొడుకు కేసు.

ఆదివారం పొద్దున్నే భానోజీ అరడజను బొబ్బట్లు పట్టుకుని దాలినాయుడి ఇంటికొచ్చాడు. అరుగుమీద కూర్చుని వానల గురించి, మోకాళ్ల గురించి, పింఛను కాగితాల గురించి చాలాసేపు మాట్లాడాడు. తలుపు దగ్గర నిలబడ్డ సన్యాసమ్మ పింఛను మాట వచ్చినప్పుడల్లా మొగుడి మొహం చూసింది. చివరికి భానోజీ అసలు విషయానికి వచ్చాడు.

"నాయుడుగారూ, రేపు కోర్టులో ఏటి చెప్తారు?"

"చూసింది చెప్తాను బాబూ."

భానోజీ ఊపిరి పీల్చుకున్నాడు. "మీరేమీ చూళ్లేదు కదండీ, ఇంక చెప్పడానికేటుంది?"

"అదే చెప్తాను," అన్నాడు దాలినాయుడు.